ఎండలసీమలో కుందేళ్ళకు ఇల్లు

నల్లరాతి గుట్టలు పగలెల్ల త్రాగిన యెండను అర్ధరాత్రము వరకు వెలిగ్రక్కుచుండు నల్లగొండ, మహబూబునగరు మెట్టసీమలలో, పిల్లల ముచ్చట తీర్చుటకై కుందేళ్ళ జంటను కొనితెచ్చి పెంచుకొను వేడుక నేడు పట్టణములందే గాక పెద్ద గ్రామములందును కానవచ్చుచున్నది. హైదరాబాదున చార్మినారు చేరువనున్న ముర్గీచౌకులోనో, మరియొక పెంపుడు జంతువుల దుకాణములోనో బేరము కుదిరిన పిదప, రంధ్రములు పొడిచిన అట్టపెట్టెలో ఆ రెండు ప్రాణులను కుక్కి, బస్సులో ఇంచుమించు వంద కిలోమీటర్లు ప్రయాణము చేయించి, ఇంటికి చేర్చిన తరువాతగాని వానిని ఎక్కడ ఉంచవలెనన్న ప్రశ్న మనకు పుట్టుట లేదు. దుకాణదారుడు కుందేళ్ళతోపాటు అంటగట్టిన ఇనుపతీగెల పంజరమే వాని ఇల్లగును. ఆ పంజరమునకు డాబామీదనో, రేకుల వసారాలోనో, మెట్లక్రిందనో చోటు దొరకును. ఈ క్రమము తలక్రిందులైనదని నా నిశ్చితాభిప్రాయము. ఇల్లు సిద్ధమగుటకు ముందు కుందేలును కొనరాదు. ఇల్లు సిద్ధము చేయజాలనివారు కొననే కొనరాదు. ఈ మాట కఠినముగా తోచవచ్చునుగాని, మన వేసవి ఇంతకంటె కఠినమైనది.

దుకాణములలో అమ్ముడగు కుందేలు మన నేలలో పుట్టిన ప్రాణి కాదు. దాని పూర్వులు ఐబీరియా ద్వీపకల్పమున, అనగా నేటి స్పెయిను, పోర్చుగలు దేశములలో, నేలను త్రవ్వి బొరియలు చేసికొని గుంపులుగా జీవించిన అడవి కుందేళ్ళు. ఎండ ముదిరినప్పుడు బొరియలోనికి దిగుట, తెల్లవారు వేళను చీకటిపడు వేళను వెలికివచ్చి మేయుట, అపాయము తోచినంతనే వెనుకకాళ్ళతో నేలను తట్టి తోడివానిని హెచ్చరించి క్షణములో భూమిలో అదృశ్యమగుట వాని జీవితవిధానము. మన చెలకలలో, కందిచేలలో, తంగేడు పొదలమాటున పడుకొని అడుగుల చప్పుడునకు ఒక్కపెట్టున లేచి పరుగెత్తు చెవులపిల్లి వేరొక జాతి. అది బొరియ త్రవ్వదు. దాని పిల్లలు ఒడలినిండ బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. పెంపుడు కుందేలు పిల్లలో, బొచ్చు లేక, కన్నులు తెరువక, తల్లి తన ఒడలి వెండ్రుకలను పెరికి పరచిన పడకమీద పుట్టును. చెవులపిల్లి ఓర్చిన యెండను ఇంటి కుందేలు మాత్రము ఓర్వలేదా యని వాదించువారు ఈ భేదమును గమనింపవలెను. ప్రసంగవశమున ఒక మాట: చేలలో దొరకిన చెవులపిల్లి కూనలను ఇంటికి తెచ్చి పెంపజూచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము, అట్లు తెచ్చినవి బ్రదుకుటయు అరుదు. తల్లి దినమున కొలదిసేపే వచ్చి పాలిచ్చి పోవు స్వభావము గలది గావున, ఒంటరిగా కనబడిన కూనను అనాథ యని తలపక ఉన్నచోటనే విడిచిపెట్టుట ధర్మము.

కుందేలునకు చెమట పట్టదు. కుక్కవలె ఒగర్చి వేడిని వెడలగొట్టు శక్తియు దానికి స్వల్పమే. ఒడలి వేడిమిలో చాలభాగము ఆ పొడవైన చెవులలోని రక్తనాళముల ద్వారా గాలికి పోవలెను; చుట్టునున్న గాలియే ఒడలికంటె వేడియైనప్పుడు ఆ మార్గమును మూతపడును. దాని దేహోష్ణము సుమారు 39 డిగ్రీలు. అది సుఖముగా నుండునది 15 మొదలు 25 డిగ్రీల నడుమ. 30 దాటినది మొదలు బాధ ఆరంభమగును. 35 దాటినచో ప్రాణాపాయము. నల్లగొండ జిల్లాలో మే మాసమున 45 డిగ్రీలు దాటిన దినములు మనము ఎరుగనివి కావు. అట్టి దినమున స్లాబుమీది పంజరములో చిక్కిన కుందేలు అరవదు, మొరపెట్టుకొనదు. చెవులు ఎఱ్ఱబారి, మూతి తడిసి, వేగముగా ఊపిరి తీయుచు ఒక ప్రక్కకు ఒరిగి, మధ్యాహ్నపు నిద్రనుండి ఇంటివారు లేచునప్పటికి మరణించియుండును. దిష్టి తగిలినదనియో, ఏదో తెగులు వచ్చినదనియో చెప్పుకొని, పిల్లల దుఃఖము మాన్పుటకై మరియొక జంటను తెచ్చువారిని తలచుకొన్నప్పుడు మనసు కలతపడును. ఏలయన, పంజరము చోటు మారనిదే రెండవ జంట గతియు మొదటిదాని గతియే యగును.

కావున ఈ సీమలో కుందేళ్ళ ఇంటికి మొదట వెదకవలసినది నీడ. అందును మధ్యాహ్నము తిరిగిన తరువాతి నీడ. ఇంటికి తూర్పు ప్రక్కన, ప్రొద్దు వాలినకొలది గోడనీడ పడుచోట, వీలైనచో వేపచెట్టు క్రింద, పొడవు తూర్పుపడమరలుగా నుండునట్లు కొట్టము వేయుట మేలు; అట్లు వేసినచో ఎండ దాని కొనలకేగాని పొడుగాటి ప్రక్కలకు తగులదు. పైకప్పునకు ఇనుపరేకు ఒక్కటే వేసినచో అది పొయ్యిమీది పెనమువలె కాగును. రేకు వేయక తప్పనిచో దానిపై జానెడు మందమున తాటికమ్మలుగాని వరిగడ్డిగాని పరచవలెను. నల్లగొండ ప్రాంతమున తాటివనములకు కొదువలేదు. కమ్మలు కొట్టి పందిరి వేయ నేర్చినవారు పల్లెలలో నేటికిని గలరు. వారిచేత కట్టించిన కమ్మల కొట్టము, వేలకొలది రూపాయలు పోసి కొన్న రంగుల పంజరముకంటె ఎన్నోరెట్లు మేలని నిస్సంకోచముగా చెప్పుదును. మట్టిగోడలు, గూనపెంకులు, కమ్మల పందిళ్ళతో ఈ మెట్టనేలలో బ్రదుకు సాగించిన మన పెద్దల గృహనిర్మాణజ్ఞానము, మన ఇండ్లలోనుండి తొలగిపోయినను, ఈ చిన్నప్రాణుల ఇంటికైనను అక్కరకు వచ్చుట సంతోషింపదగిన విషయము.

కప్పు కుదిరిన పిదప బొరియను తలపవలెను. భూమిలో రెండుమూడడుగుల లోతున పగటి వేడిమి పైనున్నంతగా చేరదు. ఈ కారణముననే ఉష్ణదేశములలో కొన్నిచోట్ల కుందేళ్ళకు భూగర్భపు అరలు కట్టు పద్ధతి గలదు. మనకంత శ్రమ అక్కరలేదు. పెరటిలో మూలబడిన పాత మట్టిగోలెమును అడ్డముగా పరుండబెట్టి, మూడింట రెండుపాళ్ళు నేలలో పూడ్చి, పైన మన్ను కప్పి, సాయంకాలము ఆ మన్నును తడిపినచో, లోపల కుందేలు కోరుకొను చీకటియు చల్లదనమును రెండును సమకూడును. అయితే ఒక్క గోలెము చాలదు. జంటలో ఒకటి కినిసి రెండవదానిని తరిమినప్పుడు, తరుమబడినది ఒకే ద్వారముగల గూటిలో చిక్కుకొనినచో కరచుకొని గాయపడును. కావున రెండు గోలెములైనను ఉంచవలెను, లేదా రెండు ద్వారములుగల గూడు ఒకటి కట్టవలెను. కడు తీవ్రమైన వేసవి దినములలో ఇదియు చాలదు. ఉదయము పదునొకండు గంటలు మొదలు ప్రొద్దు వాలువరకు వానిని ఇంటిలోని చల్లని గదికి చేర్చుట, గాలి వచ్చు ప్రక్కను తడిపిన గోనెపట్టాలు వ్రేలాడగట్టుట, ఫ్రిజ్జులో గడ్డకట్టించిన నీటి సీసాను గుడ్డ చుట్టి దాపున నుంచుట అవసరము. కూలరును నమ్ముకొన్నవారు కరెంటు పోవు గంటలను లెక్కలోనికి తీసికొనవలెను. మన ఇండ్లలో పరచిన తాండూరు బండలు వేసవిలో చల్లగా నుండును గాని, అరికాళ్ళకు మెత్తలు లేక బొచ్చు మాత్రమే గల కుందేలు ఆ నున్నని బండలమీద జారి తుంటి నొప్పించుకొనును; కనుక అది తిరుగాడు మేర పాత జంపఖానా ఒకటి పరచియుంచవలెను.

పరిమాణమును గూర్చి మన దుకాణములలో ప్రచారమునందున్న భావము మిక్కిలి శోచనీయమైనది. కుందేలు ఒదిగి కూర్చుండుటకు చాలిన చోటు దాని నివాసమునకు చాలునని తలచుచున్నారు. బ్రిటనులో కుందేళ్ళ సంక్షేమమునకై పనిచేయు సంస్థ, ఒక జంటకు 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తుగల చోటు ఎల్లవేళల అందుబాటులో నుండవలెనని సూచించుచున్నది. స్థూలముగా పదియడుగులు, ఆరున్నర యడుగులు, మూడడుగులు. మన స్థలముల లెక్కలో ఇది ఏడు గజములకు కొంచెము పైన. నూటయేబది గజముల స్థలములో ఇల్లు కట్టుకొని, మోటారుసైకిళ్ళకును కారునకును చోటు కేటాయించుకొను గృహస్థు, ఎనిమిది పది సంవత్సరములు బ్రదుకబోవు రెండు ప్రాణులకు ఏడు గజములు ఈయజాలనిచో, వానిని తేకుండుటయే న్యాయము. ఈ కొలత విలాసము కాదు. కుందేలు వరుసగా మూడు గంతులు వేయగలుగుట, వెనుకకాళ్ళమీద నిలువుగా నిలిచినప్పుడు చెవులు కప్పునకు తగులకుండుట, ఒడలు చాచి పడుకొనుట అను మూడు పనులకు ఎంత చోటు పట్టునో అంతయే.

ఇది కేవలము దయకు సంబంధించిన విషయమనుకొనువారు చట్టమును ఒకమారు చూడవలెను. రాజ్యసభ సభ్యురాలుగా నున్న రుక్మిణీదేవి అరండేలు గారు ప్రవేశపెట్టిన బిల్లు ప్రేరణగా వెలువడిన 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, తన 11వ సెక్షనులో, ఏ జంతువునైనను అది కదలుటకు తగిన ఎత్తు, పొడవు, వెడల్పు లేని పంజరములో నిర్బంధించుటను నేరముగా పేర్కొనినది. ఇంగ్లండులో 1964లో రూతు హారిసన్ వ్రాసిన గ్రంథము పుట్టించిన సంచలనము ఫలితముగా ఏర్పడిన బ్రాంబెల్ సంఘము, మరుసటియేడు సమర్పించిన నివేదికలో, పెంపకములోనున్న ప్రతి జంతువునకు లేచి నిలుచుటకు, పడుకొనుటకు, వెనుదిరుగుటకు, ఒడలు శుభ్రపరచుకొనుటకు, అవయవములు చాచుకొనుటకు స్వేచ్ఛ యుండవలెనని చెప్పినది. ఆ భావనయే క్రమముగా పంచస్వేచ్ఛల రూపము దాల్చి, 2014లో మన సుప్రీంకోర్టు జల్లికట్టు వ్యవహారములో నిచ్చిన తీర్పున స్థానము పొందినది. పెంపుడు జంతువుల దుకాణములకు 2018లో ప్రత్యేక నియమములు వచ్చినవి. ఇన్ని యుండియు, పంజరము కొలతను అడుగు అధికారిగాని, చెప్పు వర్తకుడుగాని, విచారించు కొనుగోలుదారుగాని కానరాకుండుట మన లోపము. నల్లగొండ, మహబూబునగరు పురపాలక సంఘములు తమ పట్టణములలోని పెంపుడు జంతువుల దుకాణములను రాష్ట్ర జంతుసంక్షేమ మండలి నమోదు చూపుమని యడుగుటతో ఆరంభించినను కొంత మేలు కలుగును.

కొట్టము అడుగుభాగము తీగెలతో నుండరాదు. ఊడ్చుట తేలికయన్న ఒక్క కారణముచేత అట్లు అమర్చుచున్నారు గాని, మెత్తలేని పాదములు ఆ తీగెలమీద ఒరసికొని పుండ్లుపడును. చదునైన నేలమీద వరిగడ్డి మందముగా పరచి, ఒక మూలను మలమూత్రములకు తట్ట యొకటి యుంచినచో, కుందేళ్ళు స్వభావముచేతనే ఆ మూలను ఎంచుకొనును. ఆ తట్టను దినదినము మార్చినచో చాలును. మార్చనిచో మూత్రమునుండి వెలువడు అమోనియా కన్నులను, ఊపిరితిత్తులను చెరచును. వానకాలములో తడిసిన గడ్డిమీద ఈగలు గ్రుడ్లు పెట్టగా పురుగులు చర్మమును తొలుచును. చుట్టును అల్లు జాలి విషయమున పొదుపు చూపరాదు. కోళ్ళగూటికి వాడు పలుచని జాలిని ఊరకుక్క పండ్లతో చించివేయును. అర అంగుళము కన్నుగల వెల్డింగు జాలి యైననే పిల్లికి, ముంగిసకు, పందికొక్కునకు, పామునకు అడ్డుపడగలదు. ఆ జాలిని నేలలోనికి అడుగున్నర లోతు దింపవలెను, వెలుపలి శత్రువు లోపలికి త్రవ్వకుండుటకును, లోపలి కుందేలు వెలుపలికి త్రవ్వుకొని పోకుండుటకును. శత్రువు తాకకున్నను దాని వాసన, దాని చప్పుడు చాలును కుందేలు బెదరుటకు. దీపావళి టపాకాయలకు బెదరి, ఇరుకు పంజరములో వెన్నెముక విరుగునంతగా తన్నుకొను ప్రాణి ఇది. చెవులు పట్టి ఎత్తినప్పుడును అట్టి ప్రమాదమే కలుగును. పిల్లలకు ఈ ఒక్క విషయము కుందేళ్ళు రాకమునుపే నేర్పవలెను.

ఆహారమును గూర్చి బొమ్మల పుస్తకములు చెప్పిన క్యారెట్టు కథను మరువవలెను. కుందేలు భోజనములో పదింట ఎనిమిది పాళ్ళకు పైగా గడ్డియే యుండవలెను. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును, ముందుపండ్లు వారమునకు రెండుమూడు మిల్లీమీటర్ల చొప్పున. గడ్డి నమలుటచేతనే అవి అరుగును. ఆ గడ్డియే ప్రేవుల చలనమునకు మూలము. పూట రెండుపూటలు మేత ముట్టని కుందేలు మరణాసన్నమైనదని యెంచి వైద్యుని వెదకవలెను. మన పెరళ్ళలోని గరిక ఇందునకు శ్రేష్ఠమైనది. కోసి నీడన ఆరబెట్టి నిలువ చేసికొనవచ్చును. అయితే ప్రత్తిచేల గట్లమీద కోసిన గరికను పెట్టరాదు, అక్కడ చల్లకుండ విడిచిన పురుగుమందు లేదు. లేత జొన్నపైరును మేసి నాము తగిలి పశువులు పడిపోవుట మహబూబునగరు రైతు ఎరుగనిది కాదు. ఆ లేత జొన్న కుందేలునకును విషమే. గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదము, వయ్యారిభామ దాని అందుబాటులో నుండరాదు. కొత్తిమీర, పుదీన కొంచెముగా పెట్టవచ్చును. పల్లితీగ ఎండుమేతలో సున్నపుపాలు ఎక్కువ గావున అప్పుడప్పుడు మాత్రమే.

నీటి విషయమున నల్లగొండవారు ఇతరులకంటె ఎక్కువ జాగరూకులు కావలెను. ఈ జిల్లా బోరునీటి ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచినదో, ఎందరి పండ్లను గారపట్టించినదో వేరుగా చెప్పనక్కరలేదు. నాగపురములోని నీరీ పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును తొలగించుటకు కనిపెట్టిన పద్ధతి ప్రపంచమున నల్లగొండ పేరుతోనే ప్రసిద్ధమైనది. మనుష్యునకు ఫ్లోరైడు దంతములలో చేరునది అవి ఏర్పడు బాల్యదశలో. కుందేలునకో, దంతము జీవితాంతము ఏర్పడుచునే యుండును. మనము త్రాగు శుద్ధిచేసిన నీటినే, మిషన్ భగీరథ నీటినే, వానికిని పోయవలెను. కిలో బరువునకు దినమున 50 మొదలు 150 మిల్లీలీటర్ల వరకు, వేసవిలో అంతకంటె ఎక్కువగా, అవి త్రాగును. చిన్నగొట్టముగల సీసాకంటె బరువైన మట్టి మూకుడు మేలు. అందులోని నీరు చల్లగా నుండును, తలవంచి త్రాగుట వానికి సహజము.

జంటనే ఏల పెంచవలెనన్న సందేహమునకు సమాధానము వాని పూర్వుల గుంపుజీవితమునందే కలదు. ఒంటరి కుందేలు దిగులుపడి మందమగును. కాని జంట యనగానే కష్టము ఆరంభమగును. ఆడుదియు మగదియు నైనచో నాలుగైదు నెలల వయసుననే కలిసి, 31 దినములకు ఈనును. ఈనిన దినమే ఆడుది మరల చూలు దాల్పగలదు. రెండును మగవైనచో అదే వయసున పోట్లాడి రక్తము చిందించుకొనును. దుకాణములో రెండును ఆడువియని చెప్పి యిచ్చిన మాటను విశ్వసింపరాదు. లేతవయసున లింగభేదము తెలియుట కష్టము. ఎనిమిది వారములు నిండని పిల్లలను కొననేకూడదు. మగదానికి శస్త్రచికిత్స చేయించిన పిమ్మట కొన్ని వారములు దానిని వేరుగా నుంచి, తరువాత ఆడుదానితో కూర్చుట ఉత్తమమైన ఏర్పాటు. వయసు మీరిన ఆడుకుందేళ్ళకు గర్భాశయపు క్యాన్సరు తరచుగా వచ్చును గావున దానికిని శస్త్రచికిత్స మేలే.

ఈ చికిత్స చేయువారెవరన్న ప్రశ్న మన జిల్లాలలో పెద్దది. గొఱ్ఱెలకును మేకలకును వైద్యము చేయుటలో ఇచ్చటి పశువైద్యులు సమర్థులు. కుందేలు మాత్రము వారి బల్లమీదికి వచ్చుట అరుదు. గొఱ్ఱెకు హితమైనది కుందేలునకు హితము కాదు. నోటిద్వారా ఇచ్చిన పెన్సిలిన్ జాతి మందు దాని ప్రేవులలోని సూక్ష్మజీవులను చెరచి చంపగలదు. కుక్కలకు గోమార్లు పోవుటకు పూయు ఫిప్రోనిల్ దానికి విషము. రాజేంద్రనగరులోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము, జిల్లా వైద్యులకు ఈ విషయమున స్వల్పకాలపు శిక్షణ నేర్పాటు చేసినచో, హైదరాబాదు వరకు పరుగెత్తు శక్తిలేని కుటుంబములకు ఎంతో ఉపకారమగును. అంతవరకు, కొనువారు ముందుగానే తమ ఊరి పశువైద్యశాలకు పోయి, కుందేలును చూచు వైద్యుడు కలడా, లేనిచో ఎచ్చటికి పోవలెను అని విచారించి యుంచుకొనవలెను. చెవులలో గజ్జి పట్టుట మన కుందేళ్ళలో మిక్కిలి సాధారణము. దానికే ఎవరో ఒకరు కావలసి వచ్చును.

కుందేళ్ళను తెచ్చు కాలమును గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. బడులకు సెలవులిచ్చిన వేసవిలోనే పిల్లలు అడుగుదురు, అప్పుడే తల్లిదండ్రులు తలయొగ్గుదురు. అంతకంటె చెడ్డకాలము లేదు. వానకాలములో కొట్టము కట్టి, జాలి దింపి, గోలెములు పూడ్చి, ప్రక్కన నాలుగు గజముల నేలలో గరిక నాటి, వానలు వెనుకబట్టిన పిదప కార్తికమాసమున, తెల్లవారుజామున బయలుదేరి చల్లనివేళ ఇంటికి చేరునట్లు తేవలెను. చలికాలమంతయు అవి కొత్త చోటునకు, ఇంటివారి చప్పుళ్ళకు, ఒండొంటికి అలవాటుపడును. రోళ్ళు పగులు రోహిణి కార్తె వచ్చునప్పటికి ఏ గోలెము చల్లనిదో, ఏ మూల గాలి వీచునో అవి తామే కనుగొనియుండును, ఇంటివారికిని వాని అలవాట్లు తెలిసియుండును. వేసవిలోనే పెండ్లిండ్లు, పుట్టినూళ్ళ ప్రయాణములు వచ్చును గావున, ఆ దినములలో ఇంట నుండి గోనెపట్టాలు తడుపువారెవరో, నీళ్ళు మార్చి గరిక కోసి వేయుటకు ఒప్పుకొన్న పొరుగింటివారెవరో, ఆ కార్తికముననే తేల్చుకొనవలెను.